రంగు దిగిన బావి

కిట్టుసామికి తెల్లనీళ్ల కిట్టు అని పేరు పెట్టింది నేనే. సరదాకి పెట్టాను. పత్రికవాళ్లు దాన్ని ఆయన ఫొటో కింద అచ్చువేశారు. ఇప్పుడు ఆ మాట ఎవరైనా అంటే నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

నాకు తెలిసేనాటికే ఆయనకు యాభై దాటింది. తిరుప్పూరుకు తూర్పున, నొయ్యల్ నదిలో కలిసే వాగు గట్టున మా అద్దకం యూనిట్ ఉండేది. బనియన్ గుడ్డకు రంగులు వేసేవాళ్లం. కిట్టన్న అక్కడ ఇరవై ఎనిమిదేళ్లుగా రంగు కలుపుతున్నాడు. మోచేతుల దాకా చర్మంలో ఊదా చాయ ఇంకిపోయింది, ఏ సబ్బుకూ లొంగదు. ఓనరు ఒక ముక్కగుడ్డ ఇచ్చి ఇదే రంగు రావాలంటే దాన్ని ఎండలోకి పట్టుకెళ్లి, అటూ ఇటూ తిప్పి, ఎరుపెంతో పసుపెంతో నలుపు చిటికెడెంతో చెప్పేసేవాడు. లక్షలు పోసి తెచ్చిన మిషను కూడా అదే చెప్పేది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

నేను కెమిస్ట్రీ డిగ్రీ చేతపట్టుకుని నీళ్లు పరీక్షించే పనికి చేరాను. నా పేరు తేన్మొళి. ఆయన మాత్రం చివరిదాకా అమ్మిణీ అనే పిలిచాడు. మొదటిరోజే నా గదిలోకి తొంగిచూసి నవ్వాడు.

"ఇంత చదువు చదివి మురికినీళ్లు చూసే పనికొచ్చినావా అమ్మిణీ? మీ నాయనకి తెలుసునా?"

"తెలుసన్నా. నువ్వు మురికినీళ్లు చేసే పనిలో ఉండావని మీ నాయనకి తెలుసునా?"

పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు. "తెలీకేం. పోయిందంతా ఆయన తవ్విన బావిలోకే గదా" అన్నాడు.

ఆ బావి సెంగాట్టుపాళయంలో ఉంది. మా యూనిట్‌కు దిగువన రెండు మైళ్లు. వాళ్ల నాయన తవ్వించిన తోటబావి, చుట్టూ మూడెకరాలు, కొబ్బరి చెట్లు, పశువుల కొట్టం. నాయన పోయాక, కట్టుకున్నవాడు కూడా పోయాక, కిట్టన్న చెల్లెలు అరుక్కాణి ఒక్కతే ఆ తోటను నడిపింది. వాగు వెంట యూనిట్లు పెరిగేకొద్దీ నేలలోకి రంగు దిగింది. ఒక ఏడు బావి గులాబీగా మారింది. మరుసటేడు చిక్కటి ఎరుపు. ఆవులు తొట్టి దగ్గరికి వచ్చి వాసన చూసి మొహం తిప్పుకునేవట. చివరికి ఆవుల్ని అమ్మేసి, తిరుప్పూరులో ఒంటిగది అద్దెకు తీసుకుని, బనియన్ కంపెనీలో దారపు పోగులు కత్తిరించే పనిలో కుదిరింది. నేను చేరేనాటికి అలా తొమ్మిదేళ్లు గడిచాయి.

ప్రతి ఆదివారం తోటకు వెళ్లి బావిలోకి తొంగిచూసి రావడం ఆమె అలవాటు. మర్నాడు మా గేటు దగ్గరికి అన్నకు సజ్జ సంగటి, ఉలవకట్టు తెచ్చేది. గిన్నె ఇచ్చేముందు దెప్పేది.

"పోయిన వారం మీకు నీలం ఆర్డరు గదా అన్నా?"

"నీకెట్ట తెలిసింది?"

"బావి చెప్పింది. మీ ఓనరు కంటే ముందు నాకే తెలుస్తాది మీ సరుకు సంగతి."

ఆయన తల వంచుకుని తినేవాడు. ఆమె అంతటితో వదిలేది కాదు. "నీ రంగులు నువ్వే పెట్టుకో అన్నా. నా బావి నాకియ్యి." ఈ మాట నేను కనీసం వందసార్లు విన్నాను. నవ్వుతూనే అనేది. కానీ ఆ ఒంటిగదిలో పడుకోలేక, కొబ్బరాకుల చప్పుడు లేక నిద్రపట్టడం లేదని నాతో ఒకసారి చెప్పింది. నేను ఇంటికి పోవాల పాపా, అంది. ఆమెకు కావలసింది అదొక్కటే.

కిట్టన్నకు కావలసిందీ అదే. ఆయన తనకు తెలిసిన పద్ధతిలోనే పరీక్ష పెట్టాడు. కత్తిరింపుల్లో మిగిలిన తెల్ల బనియన్ గుడ్డ ముక్క తీసుకుని బావి నీళ్లలో నానేసి, సంగటి తిన్నంతసేపు ఉంచి, పిండి ఎండలో చూసేవాడు. ఆ ముక్క మీద తేదీ రాసి బావి పక్క పంపుషెడ్డులో తీగకు గుచ్చేవాడు. తొమ్మిదేళ్ల ముక్కలు వరసగా వేలాడుతుండేవి. అన్నీ ఏదో ఒక రంగులో ఉండేవి, తెల్లగా ఉన్నది ఒక్కటీ లేదు.

నేను చేరిన రెండో ఏడు రైతుల గొడవ ముదిరింది. అధికారులు వచ్చి గాజుసీసాల్లో నీళ్లు పట్టుకెళ్లారు. నీటి రంగు పోకపోతే యూనిట్‌కు తాళం వేస్తామన్నారు. సున్నం, అన్నభేది కలిపి మడ్డిని కిందికి దించే తొట్టెలు మాకూ ఉన్నాయి కానీ, ఎంత దించినా పైన తేరిన నీళ్లు కల్లుమడ్డి రంగులోనో గులాబీగానో మిగిలేవి. ఓనరు తల పట్టుకుని కూర్చుంటే కిట్టన్న ముందుకొచ్చాడు.

"గుడ్డకి రంగు తప్పుపడితే ఏం చేస్తాం? హైడ్రోస్ వేసి దింపేస్తాం. నీళ్లకీ అదే చేద్దాం."

హైడ్రోస్ అంటే తెల్లటి పొడి. రంగు తేడా వచ్చిన గుడ్డను ఆ పొడి వేసిన వేడినీళ్లలో ముంచితే రంగంతా ఊడిపోయి గుడ్డ మళ్లీ తెల్లబడుతుంది. అద్దకంవాళ్లకు తప్ప ఇంకెవరికీ తట్టే ఆలోచన కాదది. ఆయన డ్రమ్ము నిండా ఎర్రనీళ్లు తీసుకుని పొడి వేసి కర్రతో కలిపాడు. కుళ్లిన గుడ్ల కంపు లేచింది. మా కళ్లముందే ఎరుపు నారింజై, పసుపై, బియ్యం కడుగులా పాలిపోయి, చివరికి ఏమీ మిగల్లేదు. అడుగున పడిన తుప్పు ముక్క కనిపించింది. కూలీలు చప్పట్లు కొట్టారు.

నేను కొట్టలేదు. నా చదువు అడ్డొచ్చింది. ఆ రంగుల్లో చాలావాటి తయారీ ఇంతే: రెండు మందుముక్కల్ని ఒక ముడితో కలుపుతారు. ఆ ముడి వల్లే రంగు కనిపిస్తుంది. హైడ్రోస్ ముడిని తెంపుతుంది, ముక్కలు నీళ్లలోనే ఉంటాయి. వాటిలో కొన్ని ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే మూత్రసంచి పాడవుతుందని కాలేజీలో మా మేడమ్ చెప్పింది.

"అన్నా, గుడ్డ మీంచి దింపితే రంగు నీళ్లలోకి పోతాది. నీళ్లలోంచి దింపితే యాడికి పోతాది?" అని అడిగాను.

"యాడికో పోతాది. కంటికి కనపడకుండా పోయింది గదా, ఇంకేం కావాల?"

ఓనరు నా వైపు చూశాడు. "ఏమ్మా తేన్మొళి, నీ ఫారంలో ఏయే గడులుండాయో అవి నింపు. లేని గడులు మనకెందుకు?"

ఫారంలో రంగుకు గడి ఉంది. ఉప్పుకు ఉంది. పులుపుకు ఉంది. తెగిన ముక్కలకు లేదు, వాటిని పట్టే మిషనూ నా దగ్గర లేదు. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి ఏడాదిన్నర, ఇంట్లో నా జీతం ఒక్కటే. ఒకసారి అడిగాను, మళ్లీ అడగలేదు. రంగు: లేదు, అని రాసి సంతకం పెట్టాను. తర్వాత ఏళ్ల తరబడి అదే రాశాను.

కిట్టన్న కిటుకు వాగు పొడవునా పాకింది. పక్క యూనిట్లవాళ్లు కారు పంపించి పిలిపించుకున్నారు, శాలువాలు కప్పారు. రెండు వానాకాలాలు గడిచేసరికి వాగు తేటపడింది. పత్రికలో ఫొటో వచ్చింది అప్పుడే. కానీ ఆయన చూపంతా పంపుషెడ్డులోని తీగ మీదే. ఎరుపు ముక్క పక్కన గులాబీ, దాని పక్కన లేత గులాబీ, ఆ తర్వాత ఉందా లేదా అన్నంత చాయ. ఒక ఆదివారం నన్ను కూడా తీసుకెళ్లాడు. అరుక్కాణి బావిగట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆయన ముక్క పిండి ఎండలోకి ఎత్తాడు. పక్కన కొత్త ముక్క పెట్టి చూశాడు. రెండింటికీ తేడా లేదు.

ఆ ముక్క నా చేతికిచ్చాడు. "అమ్మిణీ, నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్పు. తాగొచ్చునా?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలియదు. తెలియదు అని చెప్పాల్సింది. ఆమె మొహం చూశాను. తొమ్మిదేళ్లు పోయి పన్నెండేళ్లయింది ఆమె ఇల్లు వదిలి. ఎప్పుడూ దెప్పే మనిషి, గుడ్లప్పగించి నా నోటివంకే చూస్తోంది.

"రంగు లేదన్నా" అన్నాను. "ఉప్పు కూడా కొంచమే."

అది జవాబు కాదని నాకు తెలుసు. వాళ్లకు తెలియదు. అరుక్కాణి లేచి చేద వేసి, తోడి, దోసిలితో తాగింది. "ఉప్పగానే ఉండాది గానీ మా నాయన నీళ్లే" అని ఏడ్చింది. ఆ నెలలోనే గది ఖాళీ చేసి రెండు ఆవులతో తోటకు వచ్చేసింది.

ఆమె బతుకులో మంచి రోజులంటే అవే. ఆరేళ్లు. టమాటా వేసింది, పూలు వేసింది, ఊళ్లో పాలు పోసింది. గేటు దగ్గరికి గిన్నె తెచ్చినప్పుడల్లా నాకూ పావుశేరు పాలు పట్టుకొచ్చేది. ఒక ఆవు మూడుసార్లు చచ్చిన దూడనే ఈనింది. పశువుల డాక్టరు మేతలో లోపమన్నాడు. నేను ఇంటికెళ్లి ఆ పాలు కాచి తాగలేక పారబోశాను. ఎందుకు పారబోశానో ఆమెకు మాత్రం చెప్పలేదు. నా మీద నాకు అసహ్యం పుట్టేది ఇక్కడే.

ఆరో ఏడు ఆమె చిక్కిపోయింది. అడిగితే ఎండలన్నది. ఒకరోజు ఒంటికి పోయే నీళ్లలో నెత్తురు గడ్డ పడితే భయపడి అన్నను పిలిచింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఎనిమిది నెలలుగా ఎర్రగానే పోతోందట.

"ఎనిమిది నెలలు నోరు మూసుకున్నావా ముండా!" అని అరిచాడు కిట్టన్న. చెల్లెల్ని ఆయన తిట్టగా నేను విన్నది అదొక్కసారే.

"అరవమాక అన్నా. నువ్వు పనికి చేరిన కొత్తల్లో నీకు ఒకనాడు నీలం, ఒకనాడు ఎరుపు పోయేది గుర్తులేదా? రంగులోళ్లకి అంతే అని నువ్వే చెప్పినావు. పాత బావినీళ్లు ఎన్నేండ్లు తాగలేదు నేను? ఆ రంగు ఇప్పుడు దిగిపోతా ఉండాదనుకున్నా. బావికి తెల్లబడినట్టే నాకూ తెల్లబడతాదని చూస్తా ఉండా."

కోయంబత్తూరు పెద్దాసుపత్రికి నేనూ వెళ్లాను. డాక్టరు కాగితాలు తిరగేసి, మూత్రసంచిలో రాచపుండు లోతుగా పాకిందన్నాడు. తర్వాత తలెత్తి అడిగాడు. "అమ్మా, నువ్వు రంగుల పనిలో ఉన్నావా? ఈ జబ్బు ఆ పనివాళ్లలో చూస్తుంటాం."

అరుక్కాణి నీరసంగా నవ్వింది. "నేను కాదు సారూ, ఇదిగో మా అన్న. ఆయనకి రావాల్సింది అడ్రసు తప్పి నాకొచ్చినట్టుండాది."

కిట్టన్న ఊదా చేతులు వెనక్కి దాచుకున్నాడు.

మర్నాడు ఆ బావి నీళ్లు సీసాలో పట్టి, పెద్ద ప్రయోగశాలలో పనిచేసే నా స్నేహితురాలికి ఇచ్చాను. ఆరేళ్ల కిందట చేయాల్సిన పని. నేను అనుకున్న ముక్కలే ఉన్నాయి, ఒకటి కాదు మూడు రకాలు. ఆమె జబ్బు వాటివల్లే వచ్చిందని ఏ డాక్టరూ రాసివ్వడు. రాలేదనీ రాసివ్వడు. ఆ కాగితం కిట్టన్నకు చదివి వినిపించాను, నేను ముందే అనుమానపడ్డాననీ చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

ఆయన ఒక్కటే అడిగాడు. "రంగు ఉండుంటే?"

"ఏందన్నా?"

"ఆ నీళ్లలో రంగు అట్నే ఉండుంటే నా చెల్లెలు తాగేదా?"

నేను కాగితం మడత పెట్టాను.

"ఆవు కూడా తాగేది కాదు గదా అమ్మిణీ."

అరుక్కాణి మాఘమాసంలో పోయింది, తోటలోనే, కొబ్బరాకుల కిందే. చివరి వారం ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకెళ్లమని పట్టుబట్టింది. నోరు ఎండిపోతే కిట్టన్న ఊళ్లోంచి మంచినీళ్లు తెచ్చి పట్టాడు. ఆమె మొహం చిట్లించి, ఇవి మన నీళ్లు కాదు అంది. బావి నీళ్లు ఇమ్మంది. ఆయన ఇవ్వలేదు. ఆ అలకతోనే పోయింది.

ఆ తర్వాత తోట పక్కన ఎవరో రేకుల షెడ్లు వేశారు. బనియన్ కంపెనీల్లో పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలను అందులో పెట్టారు. కొళాయి లేదు. వాళ్ల ఆడవాళ్లు బిందెలు పట్టుకుని బావికి వచ్చారు. కిట్టన్న వద్దని అడ్డంపడ్డాడు. ఆయన భాష వాళ్లకు రాదు, వాళ్ల భాష ఈయనకు రాదు. పొట్ట పట్టుకుని చూపించాడు, చచ్చిపోయినట్టు పడుకుని చూపించాడు. వాళ్లు బావిలోకి చూశారు, అడుగున రాళ్లు కనబడుతున్నాయి. ముసలాయన మతి సరిగా లేదనుకుని నవ్వుకుని నీళ్లు తోడుకున్నారు. బోర్డు రాయించి పెట్టాడు. ఆ అక్షరాలు చదివేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

ఒక మధ్యాహ్నం మా యూనిట్ స్టోరులో నాలుగు కిలోల ఎరుపు పొడి తగ్గింది. అది తీసుకెళ్లింది ఎవరో నాకు అడక్కుండానే తెలిసింది. నేను వెళ్లేసరికి బావి నిండా చిక్కటి నెత్తుటి రంగు. షెడ్ల ఆడవాళ్లు దూరంగా నిలబడి ఆయన్ని తిడుతున్నారు. ఒక్కరూ బిందె ముంచడం లేదు. కిట్టన్న చేతులు భుజాల దాకా ఎర్రగా ఉన్నాయి. గట్టు మీద కూర్చుని నన్ను చూసి తల ఊపాడు.

"ఇప్పుడు సరిపోయింది అమ్మిణీ. ఇప్పుడు అందరికీ కనపడతా ఉండాది."

ఫిర్యాదు వెళ్లింది. ఆరేళ్లలో ఆ బావివైపు తొంగిచూడని అధికారి రెండు రోజుల్లో జీపులో వచ్చాడు. నేను నా కాగితం చూపించాను, రంగు లేనప్పుడే ఇందులో విషం ఉందని చెప్పాను. ఆయన మర్యాదగానే చదివాడు.

"ఈ పరీక్ష మా జాబితాలో లేదమ్మా. రంగు మాత్రం ఉంది, చూడండి, ఎంత ఘోరంగా ఉందో!"

నీళ్లను పాడుచేశాడని కిట్టుసామి మీద కేసు రాశారు. ముప్పై ఎనిమిదేళ్లు రంగు కలిపి, ఊరికి తెల్లనీళ్లు తెచ్చాడని శాలువాలు కప్పించుకున్న మనిషి మీద. ఓనరు ఆయన్ని పనిలోంచి తీసేసి, నన్ను పిలిచి, పత్రికవాళ్లు రాకముందే బావి బాగుచేసి ఫారం పంపమన్నాడు. మనిషితో హైడ్రోస్ డబ్బాలు పంపించాడు. నేను వెళ్లకపోతే ఇంకొకరు వెళ్తారు అనుకున్నాను. ప్రతిసారీ ఇలాగే అనుకున్నాను.

ఆయన గట్టు మీదే ఉన్నాడు. నన్ను ఆపలేదు. డబ్బాలు లెక్కచూసి, "ఇంత నీళ్లకి ఇవి చాలవు. ఇంకొకటి తెప్పించు. సగం సగం దింపితే పసుపు మిగులుతాది" అన్నాడు. అలవాటు కొద్దీ అన్నాడో, నన్ను చంపడానికే అన్నాడో ఇప్పటికీ తెలియదు. ఇంకొకటి తెప్పించి పోశాను. ఎరుపు నారింజ అయింది, పసుపు అయింది, పోయింది.

వారం ఆగి, కంపు పోయాక, ఫారం కోసం నీళ్లు పట్టడానికి మళ్లీ వెళ్లాను. షెడ్ల నుంచి ఒక చిన్న వయసావిడ, ఆరేడు నెలల కడుపుతో, చేద వేసి బిందె నింపుకుంటోంది. గట్టు మీద ముసలాయన ఎండలో కూర్చుని ఉన్నాడని, మనసులో ఏమీ పెట్టుకోకుండా, ముందు ఆయనకే గ్లాసులో పోసి రెండు చేతులతో ఇచ్చింది.

కిట్టన్న గ్లాసు అందుకున్నాడు. రంగు చూసేవాడి అలవాటు పోదు కదా, దాన్ని ఎండలోకి ఎత్తి, కొంచెం అటూ కొంచెం ఇటూ తిప్పాడు.

"ఏమీ కనపడటం లేదు అమ్మిణీ" అన్నాడు నాతో.

గడగడా తాగేశాడు. ఆవిడ సంతోషించి ఇంకో గ్లాసు పోసింది. అదీ తాగాడు. తర్వాత ఆవిడ కూడా తాగి, బిందె చంకనెత్తుకుని షెడ్డులోకి వెళ్లిపోయింది. నేను సీసాకు మూతపెట్టి, ఫారం తీసి, రంగు గడిలో లేదు అని రాశాను.